ఉర్దూ మాట్లాడేవాళ్లకి ‘సీనరీ’ ఎలా చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే తెలుగువాళ్ల క్లాసుల్లో, ముఖ్యంగా మెహదీపట్నం, టోలీచౌకీ, మలక్‌పేట వైపు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు. ‘సీనరీ’ అనే ఒక్క మాట దగ్గర అందరూ అదే చోట ఆగుతున్నారు. కొత్తగా చేరిన టీచర్లు కూడా అవే డౌట్లు పట్టుకుని వస్తుంటే ఇలా ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, ఏది కావాలంటే దానికి వెళ్లిపోండి.

## క్లాసుకి ముందు

నాకు ఉర్దూ రాదు. అయినా చెప్పగలనా?

చెప్పగలరు. మూడు మాటలు దగ్గరుంచుకోండి: నజర్, నజారా, మంజర్. నజర్ అంటే చూపు (‘పోలీసులు నజర్ పెట్టారు’ అని మన పేపర్లూ రాస్తాయి). నజారా అంటే కళ్లముందు కనబడి ఆకట్టుకునేది. మంజర్ అంటే దృశ్యం. మూడూ ఒకే అరబీ ధాతువు నుంచి వచ్చాయి, నూన్, జోయ్, రే అనే మూడు అక్షరాలు. ఇంతెజార్ కూడా ఈ కుటుంబమే. నజరానా మాత్రం కాదు, అందులో ఉన్నది జాల్ అనే వేరే అక్షరం, అది వేరే ధాతువు. తెలుగులో రెండిటినీ ‘జ’ తోనే రాస్తాం కాబట్టి మనకి తేడా కనబడదు, క్లాసులో ఉర్దూ బాగా చదువుకున్న పెద్దాయన ఒకరుంటే మాత్రం వెంటనే పట్టుకుంటారు.

ఇంత తేలిక మాటకి అంత హడావిడి ఎందుకు? పిల్లలకి ముందే తెలుసు కదా?

తెలుసు కాబట్టే కష్టం. ఉర్దూలో ‘సీనరీ’ చాలాకాలంగా వాడుకలో ఉంది, కానీ ఎక్కువగా గోడకి తగిలించే ప్రకృతి బొమ్మ అనే అర్థంలో. ‘దీవార్ పే సీనరీ లగీ హై’ అంటే గోడ మీద కొండలు గానీ జలపాతం గానీ ఉన్న పటం ఉందని. తెలుగులో మనదీ ఇదే కథ. డ్రాయింగ్ క్లాసులో ‘సీనరీ గీయండి’ అంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. ఇంగ్లీషులో సీనరీ అంటే ఆ పటం కాదు, పటంలో ఉన్న కొండలూ ఏరూ. కొత్త మాట నేర్పడం తేలిక, పాత అర్థాన్ని పక్కకి జరపడమే పని.

బోర్డు మీద ‘సీనరీ అంటే మంజర్’ అని రాసేస్తే సరిపోదా?

మొదటి రోజుకి సరిపోతుంది, రెండో రోజు దెబ్బ కొడుతుంది. ఉర్దూలో మంజర్ భయంకరంగా కూడా ఉండొచ్చు. బస్సు బోల్తా పడిన చోటుని ఉర్దూ వార్తల్లో ‘దర్ద్‌నాక్ మంజర్’ అంటారు, ‘ఖౌఫ్‌నాక్ మంజర్’ అంటారు. నాటకంలో ఒక రంగం కూడా మంజరే. సీనరీ అలా ఎక్కడ పడితే అక్కడికి వెళ్లదు, ప్రమాదం జరిగిన చోటు సీనరీ కాదు. మంజర్ ఒక్కదాన్నే రాయకుండా ‘ఖుద్‌రతీ మనాజిర్’ అని రాయండి, ప్రకృతి దృశ్యాలు అని అర్థం. అది చాలా దగ్గరగా వస్తుంది. కానీ మనాజిర్ బహువచనం, ఆ చిక్కు వాక్యాల్లోకి వచ్చాక బయటపడుతుంది.

ఫొటో చూపిస్తే చాలా?

వద్దు. ఫొటో చూపించి ‘దిస్ ఈజ్ సీనరీ’ అంటే ఆ ఫొటోనే సీనరీ అని స్థిరపడిపోతుంది, అసలు తీసేయాల్సింది ఆ అర్థాన్నే. కిటికీ తీయండి, లేదా డాబా మీదకి తీసుకెళ్లండి. సిటీలో డాబా మీద నుంచి వాటర్ ట్యాంకులు, కేబుల్ వైర్లు తప్ప ఏం కనబడతాయి అంటారా, పర్లేదు. ‘హియర్ ద వ్యూ ఈజ్ బ్యాడ్, దేర్ ఈజ్ నో సీనరీ’ అని చెప్పొచ్చు. ఆ ఒక్క వాక్యంలో రెండు మాటల తేడా కూడా వచ్చేస్తుంది.

## అర్థం చెప్పేటప్పుడు

వ్యూ, సీనరీ ఒకటేనా?

కాదు. వ్యూ కావాలంటే నిలబడే చోటు ఒకటుండాలి. గోల్కొండ ఎక్కి బారాదరి దగ్గర నిలబడితే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, వాటి వెనక సిటీ కనబడతాయి, అది వ్యూ. కిందికి దిగితే ఆ వ్యూ ఉండదు. అరకు రైల్లో వెళ్తుంటే దారి పొడుగునా కొండలు, లోయలు, చెట్లు, వాగులు, అవన్నీ కలిపి సీనరీ. మీరు ఏ బోగీలో ఉన్నా అది ఉంటుంది, మీరు నిద్రపోయినా ఉంటుంది. వ్యూలో భవనాలు ఉండొచ్చు, ట్రాఫిక్ ఉండొచ్చు. సీనరీ అనగానే ముందు ప్రకృతే గుర్తొస్తుంది.

ఉర్దూవాళ్లకి వ్యూ త్వరగా ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్ల భాషలో నజర్ కూడా సరిగ్గా అలాగే చూపు, అభిప్రాయం అనే రెండు పనులూ చేస్తుంది. అభిప్రాయం అనే అర్థంలో ‘పాయింట్ ఆఫ్ వ్యూ’ ని ‘నుక్తా-ఎ-నజర్’ అంటారు. ‘ఇన్ వ్యూ ఆఫ్’ ని ‘పేష్-ఎ-నజర్’ అంటారు. అందుకే నా సలహా, ముందు వ్యూ చెప్పండి, సీనరీ తర్వాత.

సీన్‌కీ సీనరీకీ తేడా అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

హైదరాబాదులో ‘క్యా సీన్ హై?’ అంటే ఏంటి సంగతి అని. మనం ‘నీకంత సీన్ లేదు’ అంటాం. రెండు భాషల్లోనూ సీన్ బాగా ముదిరిపోయింది. ఇంగ్లీషులో సీన్ అంటే ఏదో జరుగుతున్న చోటు: సినిమాలో ఒక సీను, గొడవ జరిగిన చోటు, రోడ్డు మీద అరుపులు. సీనరీలో ఏమీ జరగక్కర్లేదు. కొండ ఊరికే ఉంటే చాలు. ‘గండిపేట్ హాజ్ బ్యూటిఫుల్ సీన్’ అని రాస్తే సీన్ తీసేసి సీనరీ పెట్టించండి.

సీనరీ అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది చెప్పడం అవసరమా?

పిల్లలకి అవసరం లేదు. పెద్దవాళ్ల క్లాసులో చెప్పండి, బాగా గుర్తుంటుంది.

సీన్ గ్రీకు మాట. మొదట్లో దానికి గుడారం లాంటిది అని అర్థం, తర్వాత నాటకశాలలో నటుల వెనక ఉండే కట్టడానికి ఆ పేరొచ్చింది. అక్కణ్నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి చేరింది. సీనరీ అంటే మొదట నాటకం వెనక కట్టే రంగుల తెరలు. సురభి నాటకాలు చూసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు, అడవి తెర, అంతఃపురం తెర పడుతూ లేస్తూ ఉంటాయి. నాటకరంగంలో ఆ అర్థం ఇంగ్లీషులో ఇంకా బతికే ఉంది. బయటి కొండల్నీ నదుల్నీ కూడా సీనరీ అనడం 18వ శతాబ్దం చివర్లో పెరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే విలియం గిల్పిన్ అనే ఇంగ్లీషు రచయిత లాంటివాళ్లు బ్రిటన్‌లోని వై నది వెంట తిరిగి, ఏ మలుపు దగ్గర ఏ దృశ్యం పటంలా ఉంటుందో రాశారు, ఆయన పుస్తకం 1782లో వచ్చింది. యాత్రికులు క్లాడ్ గ్లాస్ అనే నల్లటి చిన్న అద్దం వెంట తీసుకెళ్లేవాళ్లు. కొండకి వీపు పెట్టి నిలబడి, అద్దంలో కనబడే కొండని చూసేవాళ్లు, పెయింటింగులా కనబడుతుందని!

ఉర్దూ వైపు కథ వేరు. మంజర్ అనే మాట కట్టిన తీరులోనే ‘చోటు’ ఉంది. మస్జిద్ అంటే సజ్దా (నేలకి నుదురు ఆనించి మొక్కడం) చేసే చోటు, మక్తబ్ అంటే రాసే చోటు, మంజర్ అంటే చూసే చోటు. ఒక మాట తెర నుంచి పుట్టింది, ఇంకోటి చూపు నుంచి పుట్టింది. నాకైతే మంజర్ ఎక్కువ నచ్చుతుంది, కానీ క్లాసులో ఆ మాట అనను.

పనోరమా, విస్టా, ల్యాండ్‌స్కేప్ కూడా అడుగుతున్నారు. అవి ఎలా?

ల్యాండ్‌స్కేప్: ఫోన్ అడ్డంగా తిప్పితే వచ్చేది, అది అందరికీ తెలుసు. డచ్చి చిత్రకారుల నుంచి వచ్చిన మాట. నేల తీరు మొత్తాన్ని ల్యాండ్‌స్కేప్ అంటారు, అందంగా ఉండాలనే షరతు లేదు, ఎడారి అయినా సరే.

పనోరమా: చుట్టూ తిరిగి చూస్తే కనబడేదంతా. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు చుట్టూరా గుండ్రంగా ఉండే పెద్ద చిత్రానికి 1787లో పేటెంట్ తీసుకున్నాడు, పనోరమా అనే పేరు ఆ తర్వాత వచ్చింది. పాతబస్తీ వాళ్లకి మాత్రం ఈ చరిత్ర ఏమీ అక్కర్లేదు, ‘జహాన్‌నుమా’ అనండి చాలు. జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపించేది. ఫలక్‌నుమా పక్కనే ఆ పేరుతో పేట ఉంది, ఫలక్‌నుమాలో ఉన్నదీ అదే నుమా.

విస్టా: రెండు పక్కలా ఏదో ఒకటి వరసగా ఉండి, మధ్యలోంచి దూరందాకా సాగే చూపు. ఢిల్లీ సెంట్రల్ విస్టా దీనికి మంచి ఉదాహరణ. రాష్ట్రపతి భవన్ నుంచి ఇండియా గేట్ వరకు తిన్నగా ఉన్న ఆ దారిని టీవీలో చూడనివాళ్లు ఉండరు. వాడుకలో విస్టా అరుదు, గుర్తుపడితే చాలు, వాడించాలని చూడకండి.

‘సీనిక్’ కి ఉర్దూలో ఏ మాట దగ్గర?

‘పుర్‌ఫిజా’. ‘సీనిక్ ప్లేస్’ అంటే ‘పుర్‌ఫిజా మఖామ్’. ముర్రీ, స్వాత్ లాంటి కొండ ప్రాంతాల గురించి పాకిస్తాన్ వార్తల్లో ఈ మాట తరచూ వినబడుతుంది. ‘తఫ్‌రీహీ మఖామ్’ అని కొందరంటారు, అది కాలక్షేపానికి వెళ్లే చోటు, అమ్యూజ్‌మెంట్ పార్కు కూడా అందులోకే వస్తుంది. సీనిక్‌కి అది సరిపోదు.

## వాక్యంలో పెట్టేటప్పుడు

ఎన్నిసార్లు చెప్పినా ‘సీనరీస్’ అంటున్నారు. ఎందుకు?

వాళ్ల భాష అలా అనమంటోంది కాబట్టి. నా దృష్టిలో ఈ మాటలో ఉన్న అసలు కష్టం ఇదొక్కటే, మిగతావన్నీ రెండు రోజుల్లో సర్దుకుంటాయి.

ఒకటి, మంజర్‌ని లెక్కపెట్టొచ్చు. ఒక మంజర్, రెండు మంజర్. మస్జిద్‌కి మసాజిద్ అయినట్టు మంజర్‌కి మనాజిర్. ప్రకృతి అందం గురించి మాట్లాడాలంటే ఉర్దూలో సహజంగా నోటికొచ్చేది ఆ బహువచనమే. అది తలలో పెట్టుకుని ఇంగ్లీషులోకి వస్తే చివర ‘స్’ దానంతటదే తగులుతుంది. రెండు, సీనరీ ఉర్దూలోకి వచ్చేటప్పుడు చివర ‘ఈ’ కారం వల్ల స్త్రీలింగం అయిపోయింది, ‘ఈ’ తో ముగిసే స్త్రీలింగ పదాలకి బహువచనం ‘ఇయాఁ’. లడ్‌కీ, లడ్‌కియాఁ లాగే సీనరీ, సీనరియాఁ. హైదరాబాదీ దక్కనీలో అయితే బాతాఁ, లోగాఁ అని దాదాపు దేనికైనా ‘ఆఁ’ చేర్చేస్తారు. మూడు, పటం అనే అర్థం ఉంది కదా, పటాల్ని లెక్కపెడతాం.

ఎలా మాన్పించాలి? అన్‌కౌంటబుల్ అని రూలు చెప్తే ఎవరికీ ఎక్కదు. ‘సామాన్’ అనండి. ఉర్దూలో ‘బహుత్ సామాన్ హై’ అంటారు, ఎన్ని పెట్టెలున్నా సామాన్ సామానే. సీనరీ కూడా అలాగే, ఎన్ని కొండలున్నా సీనరీయే. (మనం తెలుగులో ‘సామాన్లు’ అనేస్తాం కాబట్టి ఈ పోలిక తెలుగు పిల్లల మీద పనిచేయదు, వాళ్లకి బియ్యమో నీళ్లో చెప్పుకోవాలి.) క్లాసులో ఎవరు ‘సీనరీస్’ అన్నా మిగతావాళ్లు ‘సామాన్!’ అని అరవాలి అని ఒక ఆట పెట్టండి. గోల అవుతుంది కానీ పనవుతుంది.

బహువచనమే కావాలంటే ఏం వాడాలి?

వ్యూస్, లేదా సైట్స్. ‘వుయ్ సా మెనీ బ్యూటిఫుల్ వ్యూస్’ తప్పు కాదు. నజారే అనాలనిపించిన చోటల్లా వ్యూస్ పెట్టమనండి.

‘వాట్ ఎ సీనరీ!’ అంటే తప్పా?

తప్పే. ‘ఎ’ తీసేయాలి. ‘వాట్ ఎ వ్యూ!’ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. ఉర్దూలో ‘క్యా మంజర్ హై!’ అనే ఆశ్చర్యానికి సరిగ్గా సరిపోయేది అదే.

‘ఛేంజ్ ఆఫ్ సీనరీ’ అని పాఠంలో వచ్చింది, ‘మంజర్ బదల్నా’ అని చెప్పాను. సరేనా?

అలా చెప్తే సినిమాలో సీను మారిందనుకుంటారు. కొన్నాళ్లు ఉన్నచోటు మార్చి వేరే చోటికి వెళ్లడం అని దాని అర్థం, ఆ చోటు అందంగా ఉండాలని కూడా లేదు. ఉర్దూలో ‘ఆబ్-ఓ-హవా బదల్నా’ దగ్గరగా ఉంటుంది, నీళ్లూ గాలీ మారడం అని. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఛేంజ్ ఆఫ్ సీన్’ అని కూడా వినబడుతుంది.

## పలకడం, రాయడం

స్కూల్‌ని ఇస్కూల్ అన్నట్టు దీనికి కూడా ముందు ‘ఇ’ పెడతారా?

పెట్టరు. స్కూల్‌లో ‘స్’, ‘క్’ రెండూ కలిసి పలుకుతాయి, నాలిక ఆ జంట దగ్గరే తడబడుతుంది. సీనరీలో రాసేది ఎస్, సి రెండక్షరాలే అయినా పలికేది ఒక్క ‘స’ మాత్రమే.

స్పెల్లింగ్ ఎలా గుర్తుంచుకోవాలి?

ఎస్, సి, ఇ, ఎన్, ఇ, ఆర్, వై. రెండు తప్పులు మామూలుగా వస్తాయి. సి వదిలేయడం ఒకటి, మధ్యలో రెండో ‘ఇ’ బదులు ‘ఎ’ రాయడం ఇంకోటి. ముందు సీన్ అని రాయించి దానికి ఆర్, వై తగిలించమనండి, రెండు తప్పులూ ఒకేసారి పోతాయి.

వ్యూని ‘వియూ’ అంటున్నారు, పైగా ‘డబ్ల్యూ’ లా పలుకుతున్నారు.

ఉర్దూలో వావ్ ఒక్కటే అక్షరం, ఇంగ్లీషు వి, డబ్ల్యూ రెండిటికీ అదే. వ్యూని ఉర్దూ లిపిలో రాస్తే వావ్, యే, వావ్, అంటే మొదటి ధ్వనికీ చివరి ధ్వనికీ ఒకే అక్షరం. తెలుగులో మనకీ ఉన్నది ఒక్క ‘వ’ కాబట్టి గొప్పలకి పోకుండా మనం కూడా అద్దం ముందు నిలబడి చూసుకోవాలి. ‘వి’ కి పైపళ్లు కింద పెదవిని తాకాలి, ‘డబ్ల్యూ’ కి పెదవులు గుండ్రంగా కావాలి.

మా క్లాసులో హైదరాబాదీలు, లక్నో వాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఒకరి మాటకి ఒకరు నవ్వుతున్నారు.

ఎక్కువగా ఖాఫ్ అక్షరం దగ్గరే ఆ నవ్వులు. లక్నో వాళ్లు గొంతు లోపలి నుంచి ‘కుద్‌రత్’ అంటారు, హైదరాబాదీలు ‘ఖుద్‌రత్’ అంటారు. మీరు ఏ పక్కా చేరకండి. ఇద్దరినీ ఒకేలా ఇబ్బంది పెట్టే మాట కావాలంటే ‘వ్యూ’ ఉండనే ఉంది, అది చదివించండి.

## కొంచెం ముందుకెళ్లాక

సీనరీ మీద పేరాగ్రాఫ్ రాయమంటే ‘వెరీ నైస్, వెరీ బ్యూటిఫుల్’ తో ఆపేస్తున్నారు.

ఉర్దూలో వాళ్ల దగ్గర చాలా ఉంది, అది ఇంగ్లీషులోకి రావడం లేదు అంతే. దృశ్యాన్ని మాటల్లో కట్టడాన్ని ఉర్దూలో ‘మంజర్‌కషీ’ అంటారు, అది సాహిత్యంలో పేరున్న విద్య. మీర్ అనీస్ అనే కవి మర్సియాల్లో (కర్బలా యుద్ధంలో చనిపోయినవాళ్ల మీద రాసే శోకగీతాల్లో) కర్బలా ఉదయం ఎలా తెల్లవారిందో వర్ణించిన తీరు చదువుకున్నవాళ్లకి కంఠతా ఉంటుంది. 1874లో లాహోరులో అంజుమన్-ఎ-పంజాబ్ అనే సంఘం ముషాయిరాలు (కవి సమ్మేళనాలు) పెట్టినప్పుడు గజల్‌కి ఒక పాదం ఇచ్చి అల్లమనే అలవాటు మానేసి, వానాకాలం లాంటి విషయాలిచ్చి నజ్మ్‌లు (ఒకే విషయం మీద సాగే పద్యాలు) రాయమన్నారు. ముహమ్మద్ హుస్సేన్ ఆజాద్, హాలీ అనే కవులు అందులో ఉన్నారు. ఆ ధోరణికి ‘నేచరల్ షాయిరీ’ అని ఇంగ్లీషు మాటతోనే పేరు పడింది. మన ఊళ్లోనే అంతకంటే ఎంతో ముందు ముహమ్మద్ కులీ కుతుబ్‌షా వసంతం మీద, వానల మీద దక్కనీలో రాశాడు. వాన రాకని ఆయన ‘మిర్గ్’ అన్నాడు, అది మన మృగశిర కార్తే.

కాబట్టి ముందు ఉర్దూలో చెప్పమనండి, రెండు నిమిషాలు ఆపకుండా. ఆ చెప్పిన దాంట్లోంచి ఏం కనబడింది, ఏ రంగు, ఎటు వైపు, ఏ చప్పుడు అని అడిగి ఒక్కోటి ఇంగ్లీషులో పెట్టించండి. ‘బ్యూటిఫుల్’ ఒక్కసారే వాడాలని షరతు పెట్టండి.

కరాచీ నుంచి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్లున్నారు. వాళ్లకి గోల్కొండ ఏం తెలుస్తుంది?

సీ వ్యూ చెప్పండి. క్లిఫ్టన్ దగ్గర బీచిని అక్కడందరూ ‘సీ వ్యూ’ అనే పిలుస్తారు. ఆ పేరులోనే వ్యూ ఉంది. సీనరీకి హుంజా, స్వాత్ లోయలు చాలు, చాలామంది వెళ్లే ఉంటారు, లేకపోతే వీడియోలు చూసే ఉంటారు.

నేర్చుకున్నారో లేదో ఎలా తేల్చుకోవాలి?

అర్థం అడగొద్దు, అర్థం అందరూ చెప్తారు. ఈ వాక్యం బోర్డు మీద రాసి సరిచేయమనండి: ‘ఫ్రమ్ అవర్ హోటల్ రూమ్ దేర్ వాజ్ ఎ సీనరీ ఆఫ్ ద లేక్, అండ్ ఆన్ ద రోడ్ వుయ్ సా మెనీ సీనరీస్.’ మొదటిది ‘ఎ వ్యూ ఆఫ్ ద లేక్’ కావాలి, రెండోది ‘బ్యూటిఫుల్ సీనరీ’ కావాలి. మొదటిది సరిచేసి రెండోది వదిలేసినవాళ్లకి సామాన్ ఆట ఇంకో వారం ఆడించండి. రెండోది సరిచేసి మొదటిది వదిలేస్తే వాళ్లని మళ్లీ డాబా మీదకి తీసుకెళ్లాలి.